ఇతరుల వేదనకు ఇచ్చిన గొంతు

పరుల బాధను గూర్చి మాట్లాడే అధికారం మనకు ఉన్నదా? ఉంటే, ఏ షరతు మీద ఉన్నది? ఈ ప్రశ్న విద్యార్థి లోకానికి కొత్తది కాదు. వక్తృత్వపు పోటీలలోను, సాహిత్య సభలలోను తరచుగా వినవచ్చేదే. అయితే దీనికి సమాధానం వెదకబోయినప్పుడు మాకు అలంకార గ్రంథాల కంటె ఒక అమెరికన్ గాయకుని పాటల రికార్డు ఎక్కువగా తోడ్పడినది. జానీ క్యాష్ 1964 అక్టోబరులో వెలువరించిన ఆ రికార్డు పేరు ‘బిటర్ టియర్స్’. ‘చేదు కన్నీళ్ళు’ అని మనం చెప్పుకొనవచ్చును. అది చేసిన మేలును, దానిలోని లోపాన్ని, రెండు భాషల నీడలో చదువుకొంటున్న మన వంటి వారికి అది మిగిల్చే పాఠాన్ని ఈ పుటలలో విచారించదలచినాము.

కంట్రీ సంగీతం అనగా అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెసీమలలో రూపు దిద్దుకొన్న పాట. గిటారు, ఫిడేలు, బాంజో దాని వాద్యాలు. పొలము, రైలుబండి, చెరసాల, విఫలప్రేమ, తాగుడు, దైవభక్తి దాని వస్తువులు. టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం దానికి రాజధాని వంటిది. ఆ పాటను ఆదరించిన వారిలో అధిక సంఖ్యాకులు శ్వేతజాతికి చెందిన రైతులు, కూలీలు, లారీ డ్రైవర్లు. క్యాష్ కూడా ఆ జనంలోనివారే. 1932లో ఆర్కాన్సా రాష్ట్రంలో పుట్టి, డయస్ అనే ప్రభుత్వపు రైతు కాలనీలో పత్తి తీస్తూ పెరిగారు. 1956లో వెలువడిన ‘ఐ వాక్ ద లైన్’, 1963లో వెలువడిన ‘రింగ్ ఆఫ్ ఫైర్’ ఆయనకు దేశమంతటా పేరు తెచ్చినవి. అంతటి పేరు సంపాదించిన గాయకుడు అదే బాణీలో మరికొన్ని ప్రేమ పాటలు పాడి సుఖంగా ఉండవచ్చును. ఆయన అలా చేయలేదు.

‘బిటర్ టియర్స్’లో ఉన్నవి ఎనిమిది పాటలే. అన్నీ కలిపినా సుమారు అరగంటే. ఎనిమిదింటి వస్తువూ ఒక్కటే: అమెరికా ఆదివాసులకు ఆ దేశం చేసిన అన్యాయం. పూర్వం మన పాఠ్యపుస్తకాలు ‘రెడ్ ఇండియన్లు’ అని పేర్కొన్న జనమే వీరు. ఎనిమిదిలో ఐదు పాటలను పీటర్ లా ఫార్జ్ అనే యువకవి వ్రాశారు. నవహో జాతివారి జీవితాన్ని గూర్చి నవల వ్రాసి 1930లో పులిట్జర్ బహుమతి పొందిన ఆలివర్ లా ఫార్జ్ ఈయన తండ్రి. రెండు పాటలు క్యాష్ స్వయంగా వ్రాసినవి. వాద్యాల హోరు లేదు. గిటారు, మద్దెల మోత, వెనుక కార్టర్ కుటుంబం వారి వంతపాట, అన్నింటికీ ముందు క్యాష్ గంభీరమైన మంద్రస్వరం. పాడడం కంటె చెప్పడం ఎక్కువ. పొరుగింటి పెద్దమనిషి అరుగు మీద కూర్చుండి జరిగినదేదో తాపీగా వినిపిస్తున్నట్లుండును.

మొదటి పాట పేరుకు ‘గడ్డి మొలిచినంత కాలము’ అని అర్థం. 1794 నవంబరు 11న జార్జి వాషింగ్టన్ ప్రభుత్వం సెనెకా మొదలైన జాతులతో కానన్‌డైగ్వా వద్ద ఒక ఒడంబడిక చేసుకొన్నది. సెనెకాల భూమి సెనెకాలదేననీ, వారంతట వారు అమ్మదలచనిదే దాని జోలికి పోమనీ అందులో హామీ ఇచ్చినది. నూట అరవై సంవత్సరాలు దాటిన పిమ్మట పెన్సిల్వేనియాలో అల్లెఘనీ నది మీద కిన్జువా ఆనకట్ట తలపెట్టారు. పిట్స్‌బర్గ్ నగరాన్ని వరదల నుండి కాపాడవలెనన్నది ఉద్దేశం. వేరొక మార్గం కలదని టెన్నెస్సీ లోయ అభివృద్ధి సంస్థకు అధ్యక్షత వహించిన ఆర్థర్ మోర్గన్ వంటి ఇంజనీరు చూపినా ప్రభుత్వం వినలేదు. 1961లో అధ్యక్షుడు కెనెడీ సైతం పని ఆపడానికి అంగీకరించలేదు. 1965లో ఆనకట్ట పూర్తి అయినది. సుమారు 10,000 ఎకరాల సెనెకా భూమి మునిగినది. సుమారు 600 మంది ఇండ్లు విడిచారు. వారి పూర్వనాయకుడు కార్న్‌ప్లాంటర్ సమాధిని సైతం తవ్వి మరొకచోటికి తరలించవలసి వచ్చినది. ఈ రికార్డు వెలువడే నాటికి ఆనకట్ట పని ఇంకా సాగుతూనే ఉన్నదన్న సంగతి గమనించదగినది. ఏనాడో ముగిసిన అన్యాయానికి శతాబ్దం తరువాత కన్నీరు కార్చడం సులభం. కళ్ళ ఎదుట జరుగుతున్నదానిని గూర్చి నోరు విప్పడం అంత సులభం కాదు.

రెండవ ప్రధానమైన పాట ఐరా హేస్‌ను గూర్చినది. ఇతడు అరిజోనాలోని హీలా నది ఒడ్డున నివసించే పీమా జాతి యువకుడు. ఆ జాతి తన భాషలో తన్ను ‘నదీజనము’ అని చెప్పుకొంటుంది. అనాదిగా కాలువలు తవ్వి సేద్యం చేసినవారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో ఎగువనున్న కొత్త వలసదారులు నదిని మళ్ళించుకొనగా వారి పొలాలు ఎండిపోయినవి. అటువంటి ఊరినుండి హేస్ సైన్యంలో చేరాడు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జీమా ద్వీపంలో కొండ మీద అమెరికా జెండాను నిలిపిన ఆరుగురిలో ఒకడైనాడు. జో రోసెంతాల్ తీసిన ఆ ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగినది. ఆరుగురిలో ముగ్గురు ఆ ద్వీపంలోనే మరణించారు. హేస్‌ను స్వదేశానికి రప్పించి యుద్ధ ఋణపత్రాల అమ్మకానికై ఊరూరా త్రిప్పారు. సన్మానాలు ముగిసిన తరువాత అతడు తిరిగి వెళ్ళినది నీరులేని ఆ ఊరికే. తాగుడుకు లోబడి, 1955 జనవరి 24న 32 ఏండ్ల వయస్సులో చలిలో ఆరుబయట మరణించాడు. జెండాను మోసిన చేతులకు తన ఊరి కాలువలో నీరు దక్కలేదన్నదే ఆ పాట సారం.

ఇక రేడియో కేంద్రాల మాట. ఈ పాటను విడిగా విడుదల చేసినప్పుడు అనేక కేంద్రాలు ప్రసారం చేయడానికి వెనుకాడినవి. శ్రోతలు సాయంకాలం పూట వినోదం కోరుతారు గదా, ఈ ఏడుపు వారికెందుకు అన్న ధోరణి కనబడినది. క్యాష్ ఊరకుండలేదు. 1964 ఆగస్టు 22 నాటి ‘బిల్‌బోర్డ్’ సంగీత వ్యాపార పత్రికలో తన పేరుతో పూర్తి పుట ప్రకటన వేయించి, మీకు ధైర్యం ఏమైనదని రేడియో వారిని సూటిగా నిలదీశారు. పాట ఘాటైన మందేనని ఒప్పుకొంటూనే, హార్లెమ్, బర్మింగ్‌హామ్, వియత్నాం కూడా అటువంటివే కావా అని ప్రశ్నించారు. తన జీవనాధారం ఎవరి చేతిలో ఉన్నదో వారినే ఎదిరించడమన్న మాట. తుదకు ఆ పాట కంట్రీ పాటల పట్టికలో మూడవ స్థానానికి ఎక్కినది. శ్రోతలు వినరని చెప్పిన వారికి శ్రోతలే సమాధానం చెప్పారు.

ఇంతవరకు చెప్పినది రికార్డు ఘనత. పరుల బాధను చెప్పదలచిన వారికి ఇందులో రెండు గుణాలు ఆదర్శంగా నిలుస్తున్నవని మా అభిప్రాయం. మొదటిది, క్యాష్ ‘అణగారిన వారు’ అంటూ గాలిలో మాట్లాడలేదు. ఊరు, నది, ఒడంబడిక, మనిషి పేరు చెప్పి పాడారు. జాలి అందరికీ కలుగుతుంది. వివరం తెలిసికొనే శ్రమ కొందరే పడతారు. రెండవది, ఆయన ఆదివాసులకు వారి కష్టాన్ని వివరించబోలేదు. అది వారికి తెలియనిది కాదు. ఆయన తనవారితో మాట్లాడారు. ఆ పాట విని కలవరపడవలసినవారు ఆయన రికార్డులు కొనే శ్వేతజాతి శ్రోతలే. ఎదుటివారి తప్పును ఎత్తిచూపడం కంటె తనవారి తప్పును తనవారి ముందు చెప్పడానికి ఎక్కువ సాహసం కావలెను.

అయితే లోపం చెప్పకుండుట విమర్శ కాజాలదు. ఆ రోజులలో క్యాష్ తనలో చెరోకీ జాతి రక్తం కలదని చెప్పుకొనేవారు. తరువాతి కాలంలో అది నిజం కాదని ఆయనే ఒప్పుకొన్నారు. ఆయన ఎందుకు అలా చెప్పుకొన్నారు? ఇతరుల దుఃఖాన్ని పాడవలెనంటే తానుకూడా వారిలో ఒకడై ఉండవలెనన్న భావం ఆయనను పట్టి ఉంచినదని మేము అనుకొంటున్నాము. ఈ భావం నేటికీ చాలామందిలో ఉన్నది. పూర్వికుని పేరో, బంధుత్వమో చూపి అర్హత సంపాదించుకొనవలెనని వారు చూస్తారు. మాకు మాత్రం ఇది అనవసరమే కాక హానికరమని తోచుచున్నది. పొరుగువాని ఇల్లు తగులబడుతున్నప్పుడు నీళ్ళు పోయడానికి బంధుత్వం అక్కరలేదు. పొరుగువాడన్న సంబంధం చాలును. లేని బంధుత్వం చెప్పుకొన్ననాడు, అది అబద్ధమని తేలిన వెంటనే, చెప్పిన నిజం మీదకూడా అనుమానపు నీడ పడును. ఆర్కాన్సా పత్తిరైతు కొడుకుగానే, పరాయివాడుగానే నిలిచి పాడి ఉంటే ఆ పాటలకు ఏ లోటూ వచ్చేది కాదు. పైపెచ్చు పరాయివాడు సాక్ష్యం చెప్పినాడన్న గౌరవం దక్కేది.

రెండవ లోపం చివరి పాట పేరులోనే ఉన్నది. ‘మాయమగుచున్న జాతి’ అని దానికి అర్థం. ఈ మాట క్యాష్ పుట్టించినది కాదు. అమెరికాలో చాలాకాలంగా వాడుకలో ఉన్నదే. సానుభూతిపరులు సైతం ఆదివాసులను అస్తమించే సూర్యునిగా చిత్రించి కన్నీరు పెట్టుకొనేవారు. కాని ఆ జనం మాయం కాలేదు. 2020 జనాభా లెక్కలలో తాము పూర్తిగానో, పాక్షికంగానో ఆదివాసులమని చెప్పుకొన్నవారు 97 లక్షలు. పీమాలు తమ నీటికోసం దశాబ్దాల తరబడి పోరాడి, 2004లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ద్వారా ఏటా 6,53,500 ఎకరపు అడుగుల నీటిపై హక్కు సాధించుకొన్నారు. ఐరా హేస్ ఊరి కాలువల కథ తాగి పడిపోయిన వీరునితో ముగియలేదన్న మాట. పరులు పాడిన పాటలో విషాదం వద్ద తెరపడినది; ఆ జనం తమ కథను ముందుకు నడిపించుకొన్నారు. ఎంతటి మంచి మనస్సు కలవాడైనా బయటివాడు మొదట దుఃఖాన్ని చూస్తాడు; అంత సులభంగా బలాన్ని చూడలేడు.

అందుచేతనే అరువు గొంతు ఎంత మధురమైనా స్వంత గొంతుకు బదులు కాజాలదు. ‘బిటర్ టియర్స్’ వెలువడిన ఐదేండ్లకు, 1969లో, డకోటా జాతికి చెందిన ఫ్లాయిడ్ రెడ్ క్రో వెస్టర్‌మన్ తన జాతి వేదనను, అంతకంటె ముఖ్యంగా తన జాతి చమత్కారాన్ని, అదే కంట్రీ బాణీలో పాడి రికార్డు చేశారు. దాని పేరు అదే సంవత్సరం వైన్ డెలోరియా అనే ఆదివాసీ రచయిత ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథానిది. ఆ జాతివారు ఏడవడమే కాదు, నవ్వగలరని, నవ్వించి చురక పెట్టగలరని ఆ పుస్తకం, ఆ రికార్డు నిరూపించినవి. క్యాష్ రికార్డుకు ఏబదేండ్లు నిండిన 2014లో కొందరు గాయకులు ఆ పాటలను మరల పాడి ఒక సంపుటం తెచ్చినప్పుడు, వారిలో మొహికన్ జాతి గాయకుడు బిల్ మిల్లర్ కూడా ఉన్నారు. మొదటి రికార్డులో ఖాళీగా ఉన్న పీట మీద ఆ ఇంటివారు వచ్చి కూర్చున్నట్లయినది.

రికార్డులోని మరి రెండు పాటలు విద్యార్థులమైన మనకు ప్రత్యేకించి సంబంధించినవి. వాటిలో ‘డ్రమ్స్’ అనేది ఆదివాసీ పిల్లలను బలవంతంగా చేర్చిన వసతి పాఠశాలలను గూర్చినది. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలైన ఆ పద్ధతిలో పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, తల్లిభాష పలికితే శిక్షించారు. అటువంటి పాఠశాలలలో కనీసం 973 మంది పిల్లలు మరణించినట్లు 2024లో అమెరికా అంతరంగిక శాఖ నివేదిక వెల్లడించినది. అదే సంవత్సరం అక్టోబరు 25న నాటి అధ్యక్షుడు జో బైడెన్ ఆ పాఠశాలల విషయమై దేశం పక్షాన క్షమాపణ చెప్పారు. ఆయన ఆ మాట చెప్పిన చోటు హీలా నదీ ప్రాంతపు పాఠశాల. ఐరా హేస్ పుట్టిన నేల అది. రికార్డు వెలువడి అప్పటికి సరిగా అరవై ఏండ్లు.

రెండవ పాట ‘మాట్లాడే ఆకులు’. చెరోకీ జాతికి చెందిన సెకోయా అనే మనిషి కథ అది. ఆంగ్లం చదువరాని ఆయన, తెల్లవారి కాగితాలు మాట్లాడుతున్నవని గ్రహించి, తన భాషకూ అటువంటి ఆకులు కావలెనని ఏండ్ల తరబడి శ్రమించి 1821 నాటికి ఒక లిపిని సిద్ధం చేశారు. మన గుణింతాలలో వలెనే అందులో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క అక్షర ధ్వనిని తెలుపును. నేడు వాడుకలో ఉన్నవి 85 గుర్తులు. క్యాష్ పాట సెకోయా విజయంతో ఆగుతుంది. చరిత్ర ఆగలేదు. 1828 ఫిబ్రవరి 21న చెరోకీలు ‘చెరోకీ ఫీనిక్స్’ అనే పత్రికను ప్రారంభించారు. దాని పుటలలో చెరోకీ, ఆంగ్లం రెండూ ఉండేవి. ఒకే విషయం కొన్నిచోట్ల రెండు భాషలలోను పక్కపక్కన అచ్చయ్యేది. తమవారు తమ భాషలో చదువుకొనవలెను, పొరుగువారు వారి భాషలో తమ మాట వినవలెను అన్నది ఉద్దేశం. 1834లో పత్రిక ఆగినది. మరుసటి సంవత్సరం జార్జియా రాష్ట్ర బలగాలు ముద్రణ యంత్రాన్ని ఎత్తుకొనిపోయినవి. 1838–39లో చెరోకీలను స్వస్థలం నుండి వెళ్ళగొట్టినప్పుడు సుమారు నాలుగువేల మంది మరణించారని సాధారణంగా చెప్పే అంచనా. అయినా ఆ లిపి చావలేదు. ఆ పేరుగల పత్రిక నేడు ఓక్లహోమా నుండి వెలువడుచున్నది.

ఇంత దూరపు కథను ఇక్కడ చెప్పడంలో మా ఉద్దేశాన్ని పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉందురు. మన కళాశాల వార్షిక సంచిక కూడా రెండు భాషల పత్రికయే. ఉర్దూ పుటలు కుడినుండి మొదలవుతవి, తెలుగు పుటలు ఎడమనుండి మొదలవుతవి. రెండూ నడుమ ఎక్కడో కలుసుకొంటవి. పాఠకులు మాత్రం కలుసుకొనరు. తెలుగు చదివేవాడు తన సగం చదివి పుస్తకం మూస్తాడు, ఉర్దూ చదివేవాడు తన సగం చదివి మూస్తాడు. ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుని గజలులో ఏమున్నదో తెలియకుండానే సంవత్సరం గడిచిపోవును. అయినా వేదికనెక్కినప్పుడు సోదరభావాన్ని గూర్చి ధారాళంగా ఉపన్యసించగలము. వివరం తెలియని సానుభూతి ఎంతటి తేలిక సరకో క్యాష్ రికార్డు చెప్పుచున్నది.

కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఇది. రానున్న సంచికలో ఉర్దూ భాగం నుండి రెండు రచనలను తెలుగులోనికి, తెలుగు భాగం నుండి రెండు రచనలను ఉర్దూలోనికి విద్యార్థులచేతనే అనువదింపజేసి, మూలము, అనువాదము ఎదురెదురు పుటలలో అచ్చు వేయించవలెను. అనువాదాన్ని అచ్చుకు ముందు మూలరచయితకు చదివి వినిపించి ఆతని సమ్మతి పొందుట నియమంగా ఉండవలెను. నాలుగు రచనలకు పెరిగేది కొద్దిపాటి పుటలే. దానికగు వ్యయం వార్షికోత్సవపు అలంకరణలో కొంత తగ్గించినా సరిపోవచ్చును. ఆంగ్లానువాదం ఉంటే ఇద్దరికీ సరిపోదా అని కొందరు అనవచ్చును. సరిపోదని మా నమ్మకం. పొరుగింటికి పోవడానికి ఊరంతా చుట్టిరావలసిన పని లేదు.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది కూడా కొంత ఉన్నది. మిత్రుని బాధను గూర్చి వ్రాయండి. కాని ముందుగా ఆతని ఊరు, ఆతని మాట, ఆతని నవ్వు తెలిసికొనండి. మీరు ఆతడు కారని దాచుకొనవద్దు. మీరు వ్రాసినదానిని మొదట మీవారికి చదివి వినిపించండి. ఆతడు తానే మాట్లాడడానికి లేచినప్పుడు పక్కకు జరిగి చోటివ్వండి. జానీ క్యాష్ ఇందులో కొన్ని చేశారు, కొన్ని చేయలేకపోయారు. ఆయన చేసినదానికి గౌరవం, చేయలేనిదానినుండి పాఠం రెండూ మనకు దక్కవలెను. 2003లో ఆయన కన్నుమూశారు. ఆయన నిలదీసిన ప్రశ్న మాత్రం రేడియో కేంద్రాల వారికే పరిమితం కాలేదు. పత్రికలు నడిపే మన వంటి వారికి కూడా అది వర్తించును.